ఉప్పుమళ్ల గట్టు మీద

ఆకాశం నడుస్తోందనుకున్నాడు కూర్మయ్య. తెప్పలో వెల్లకిలా పడుకుంటే ఆకాశం ఊగుతుంది, అది అతనికి ఊహ తెలిసినప్పటినుంచీ తెలుసు. కానీ ఇలా మనిషిలాగా ఒక అడుగు ఎత్తి, ఒక అడుగు దించి, అక్కడక్కడా తడబడి మళ్లీ కుదురుకుని నడిచే ఆకాశాన్ని ఇదే చూడటం. కాసేపటికి వీపు కింద దారాలు ఒత్తుకుంటున్నట్టు తెలిసింది. వల. తన వలే. రెండు గడకర్రల మధ్య తన వలనే కట్టి, అందులో తనని పడుకోబెట్టి, నలుగురు మనుషులు మోసుకుపోతున్నారు. చేపకి ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వితే, నడుముకి దిగువన, తన ఒళ్లేనో కాదో తెలియని చోట ఒక బరువు ఇంకాస్త గట్టిగా ఒత్తింది. ఆ బరువు కొడుకు పిడికిలి.

"అయ్యా, నాకేసి సూడు. ఎందుకు నవ్వినావు?"

"ఏటీ నేదురా."

"ఏటీ నేకపోతే నవ్వవు. సెప్పు. మాటాడతా ఉండు, ఆపకు."

చెప్పాలంటే ఎక్కడినుంచి చెప్పాలి. నిన్న తెల్లవారుజామున తుఫాను ఒడ్డెక్కింది. దాని పేరు తిత్లీ అట, అంటే సీతాకోకచిలుకట, ఎవరి ఫోనులోనో చెప్పారు. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గాని వాళ్లని తీసుకొచ్చి ఒక్కసారి తమ పేట కొబ్బరితోటలో నిలబెట్టాలి. చెట్లకి చెట్లు మొదలంటా లేచిపోయి, వేళ్లు పైకి చాపుకుని పడున్నాయి. జీడితోట ఉండేచోట వెలుతురు తప్ప ఇంకేం లేదు. కరెంటు స్తంభాలు మోకాళ్ల మీద కూలబడ్డాయి. ఇవాళ గాలి కాస్త నెమ్మదించగానే కూర్మయ్య ముందు పరిగెత్తింది తన తెప్ప దగ్గరికే. ఒడ్డున లేదు. వెతగ్గా వెతగ్గా తోట మధ్యలో, పడిపోయిన రెండు చెట్ల నడుమ, ఎవరో చంటిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా ఉంది. ఒక్క చీలిక లేదు. ఆ సంతోషమే కొంప ముంచింది. ఎవరింటి కప్పుదో ఒక రేకు దాని మీద పడి ఉంటే రెండు చేతులా పట్టి లాగాడు. మిగిలిపోయిన గాలి విసురొకటి వచ్చి రేకుని ఎత్తింది, తిప్పింది, తొడ లోపలివైపునుంచి గీసుకుంటూ తీసుకుపోయింది. నొప్పి పుట్టలేదు, అదే విచిత్రం. ఎర్రగా ఏదో ఎగిసి ఎగిసి పడుతుంటే ఎవరి రక్తమబ్బా ఇది అని అటూ ఇటూ చూశాడు. తర్వాత మోకాళ్లు తమంతట తామే మడతపడ్డాయి. ఓడ కొలువునుంచి దసరా సెలవుకని ముందే వచ్చిన కొడుకు ఈశ్వర్, దూరంగా దారికడ్డం పడ్డ మట్టలు లాగుతున్నవాడు, చేతిలోది పారేసి పరిగెత్తుకొచ్చాడు. వచ్చీ రావడంతోనే "అయ్యా" అని ఏడుస్తాడనుకున్నాడు. ఏడవలేదు. తండ్రిని వెల్లకిలా తోసి, గజ్జలో మోకాలు పెట్టి, తన ఒంటి బరువంతా దాని మీద వేశాడు. ఒట్టి మోకాలితో తనని నేలకి దిగేసి, చేతులతో లుంగీ చింపుతున్నాడు. కన్నకొడుకు తన గజ్జలో మోకాలు పెట్టి కూర్చుంటే ఏమనుకోవాలో కూర్మయ్యకి తెలియలేదు.

అప్పుడు వాడి గొంతు విన్నాడు. వాడిది ఇంట్లో వినపడీ వినపడని గొంతు. భార్య తవిటమ్మ ఎప్పుడూ అంటుంది, వీడు అన్నం అడిగితే పక్కింటోళ్లకి కాదు కదా పళ్లానికి కూడా వినపడదని. ఆ గొంతు కాదిది. అరుపూ కాదు. పెద్దగా లేదు, తొందర లేదు, కానీ అది విన్నాక ఇంకో మాట మాట్లాడే పని ఉండదు. "మావా, ఆ మట్ట ముక్క విరిసి ఇయ్యి. జానెడు. పోతురాజూ, నువ్వు నౌపడకి లగెత్తు, ఫోన్లు పన్చెయ్యవు, అంబులెన్సు ఎక్కడుంటే అక్కడికెల్లి తోడుకుని రా, గెడ్డ అవతల రోడ్డు మీద నిలబెట్టు. అమ్మా, ఉతికిన సీర, బేగి." దాలయ్య తవిటమ్మకి అన్న, తెప్ప మీద ఎవరి మాటా వినని మనిషి, చివరికి తెప్ప నడిపే సరంగైన కూర్మయ్య మాట కూడా. ఆ దాలయ్య వంగి మట్ట ముక్క విరిచి, జానెడు కొలిచి మరీ ఇచ్చాడు. తుఫాన్లో ఓడ మీద వీడు ఇలాగే మాట్లాడతాడు కాబోలు. వీడికి ఈ గొంతు ఎప్పుడొచ్చింది? ఎవరిచ్చారు? తనైతే ఇవ్వలేదు. ఇవ్వడానికి తన దగ్గర లేదు కూడా. అలవచ్చినప్పుడు తను బూతులు తిడతాడు, అంతే.

"దించండి, దించండి, బుజాలకెత్తకండి. నడుం ఎత్తులోనే పట్టుకోండి, నేకపోతే నా సెయ్యి అందదు" అంటున్నాడు ఈశ్వర్. పేట రోడ్డంతా చెట్లు పడి ఉండటంతో ఉప్పుమళ్ల అడ్డదారిన పోతున్నారు. గట్టు మీద ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవడానికే చోటుంది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. గాయం మీద చెయ్యి ఉంచినవాడికి గట్టు మీద చోటు లేదు. వాడు పక్కనున్న మడిలో, మోకాలి లోతు ఉప్పునీళ్లలో, బురదలో నడుస్తున్నాడు. ఉప్పుమడిలో ఒట్టి కాళ్లతో నడవడమంటే ఏమిటో కూర్మయ్యకి తెలుసు. సముద్రం ఖాళీగా ఉన్న రోజుల్లో ఈ మళ్లలోనే కూలికి ఉప్పు లాగాడు. అరికాళ్లు మొదట తెల్లబడతాయి, తర్వాత పగుళ్లు తీస్తాయి, ఆ పగుళ్లలోకి మళ్లీ అదే ఉప్పు పోతుంది. వాడు కాళ్లకేసి చూడటం లేదు. వాడి మొహం తన మొహం దగ్గరే ఉంది, పైనుంచి చెమట చుక్కలు తన మెడ మీద పడుతున్నాయి, చెమటో ఉప్పునీళ్లో. వాడి కుడిచెయ్యి తన గాయంలోకి కుక్కిన తల్లి చీరముక్క మీద పాతిపెట్టినట్టుంది.

"దప్పికేస్తాందిరా."

"తెలుసు."

వెనకాల చెంబుతో వస్తున్న తవిటమ్మ ముందుకొచ్చింది. "గుక్కెడు పొయ్యరా, పెదాలు సూడు ఎలగెండిపోనాయో. ఏటి పాపం సేసినాడని నీల్లు కూడా నేకుండా?"

"వొద్దమ్మా. ఆపరేషన్ సెయ్యాల. కడుపులో నీల్లుంటే మత్తిచ్చినపుడు ప్రాణానికే ముప్పు. కొంగు తడిపి పెదాలకి పెట్టు. అంతే."

ఆమె తిట్టలేదు, తడికొంగు పెట్టింది. ఆ తడి తగిలేసరికి కూర్మయ్యకి సముద్రం మీద ఎండ గుర్తొచ్చింది, తెప్ప అడుగున చెయ్యి పెట్టి తోడుకుని మొహం కడుక్కోవడం, ఆ వెనకాలే వాంతి వాసన గుర్తొచ్చింది. వీడిదే. పదో తరగతి అయ్యాక మొదటిసారి వేటకి తీసుకెళ్లాడు. ఒడ్డు కనపడనంత దూరం పోయేసరికి వీడు తెప్ప అంచు పట్టుకుని కక్కడం మొదలుపెట్టాడు. ఒకసారి కక్కితే కుదురుకుంటుందిలే అనుకున్నారు. కుదురుకోలేదు. వల వేసినా కక్కాడు, లాగినా కక్కాడు. దాలయ్య పడీపడీ నవ్వాడు. మర్నాడు తీసుకెళ్లారు, మర్నాడూ అంతే. తాతలనాటినుంచీ సముద్రం మీద బతికిన ఇంట్లో సముద్రం పడనివాడు పుట్టాడేమిట్రా అని కూర్మయ్య చాలాకాలం దిగులు పడ్డాడు. అటువంటివాడు ఏమి చేశాడు, నేవీలో చేరాడు! చిల్కాలో ట్రైనింగని వెళ్లాడు, అక్కణ్నుంచి ముంబయిలో ఏదో పెద్దాసుపత్రిలో చదువన్నాడు, తెల్లబట్టలతో వచ్చాడు. సముద్రం పడిందేటిరా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. పడలేదట. ఇప్పటికీ ఓడ కదిలిన మొదటి రోజుల్లో మంచానికి ఒక బకెట్టు కట్టుకుంటాడట. ఎవడో వేలు తెగి వస్తాడు, ఎవడో జ్వరంతో వస్తాడు. బకెట్లో కక్కి, మూతి తుడుచుకుని, చేతులు కడుక్కుని, కట్టు కడతాడట. మళ్లీ కక్కుతాడట. నవ్వుతూనే చెప్పాడు ఆ మాట. అప్పుడు తనూ నవ్వాడు. ఇప్పుడు ఈ ఆకాశం కింద పడుకుని ఆలోచిస్తుంటే నవ్వు రావడం లేదు. తనకి సముద్రం పడింది కాబట్టి తను సముద్రం మీదికి పోయాడు, అందులో గొప్పేముంది? పడనివాడు పోవాలి. పోయి, అక్కడ ఇంకొకడి నొప్పి చూడాలి.

"అయ్యా! కళ్లు ముయ్యకు. ఎక్కడున్నావు?"

"ఓడ మీద."

నిజంగానే అక్కడికి పోయింది మనసు. ఒకసారి కుటుంబాలకి ఓడ చూపిస్తామంటే విశాఖపట్నం వెళ్లారు ఇద్దరూ. తవిటమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కింది, గుడికొచ్చినట్టు. కూర్మయ్యకి మాత్రం ఫిరంగి చూడాలని ఉండేది. ఎందుకంటే పేటలో అందరికీ అలాగే చెప్పుకున్నాడు. మీవోడేటి సేస్తాడు ఓడలోన అని అడిగినప్పుడల్లా "తుపాకీలకాడ" అని తేల్చేసేవాడు. గాయాలకి కట్లు కడతాడంటే ఇక్కడ ఎవరికి ఆనుతుంది? ఈశ్వర్ ఫిరంగి చూపించాడు, దాని పక్కన నిలబెట్టి ఫోటో కూడా తీశాడు. ఆ తర్వాత మెట్లు దింపి, సన్నటి సందులోంచి తీసుకెళ్లి, ఒక చిన్నగది తలుపు తీశాడు. "ఇదీ నా తెప్ప" అన్నాడు. గది కాదది, గూడు. ఒక మంచం, దానికి రెండువైపులా కమ్మీలు, పడుకున్నవాడు దొర్లిపోకుండా. గోడకి అలమార, అందులో ప్రతి సీసాకీ దాని కొలతకి తొలిచిన బెజ్జం, సీసా మెడకి పట్టీ. కత్తెరలు అయస్కాంతానికి అతుక్కుని ఉన్నాయి. ఒక్క వస్తువు కూడా ఊరికే లేదు. ఫిరంగి చూసినప్పుడు కలగనిది అప్పుడు కలిగింది కూర్మయ్యకి. సముద్రం ఎటు వాలితే ఏది జారుతుందో తెలిసినవాడు సర్దిన గది అది. తన తెప్పలో లంగరు, డబ్బా, తాళ్లు ఎక్కడివక్కడ ఎందుకుంటాయో, అలాగే. వంటవాడొకడు వచ్చాడు, హిందీ మనిషి, అరచెయ్యి చూపించాడు. మొన్న కాలిందట, మానింది చూడమని వచ్చాడు. ఈశ్వర్ ఆ చేతిని తన చేతిలో పట్టుకుని తిప్పి చూసిన తీరు... వలలో పడ్డ లేత పీతని కాళ్లు విరక్కుండా విడిపించేటప్పుడు తన తల్లి పట్టుకునేది అలాగ. వంటవాడు కూర్మయ్య వైపు తిరిగి ఏదో అన్నాడు. "ఏటంతన్నాడు?" అంటే ఈశ్వర్ చెప్పలేదు, సిగ్గుపడ్డాడు. ఆ వచ్చిన హిందీ మనిషే చేత్తో తన గుండె చూపించి, తర్వాత ఈశ్వర్‌ని చూపించి, దండం పెట్టాడు. ఆ రోజునుంచి పేటలో ఎవరడిగినా తుపాకీ మాట ఎత్తలేదు కూర్మయ్య. "మావోడి సేతిలో ఓడంతా ఉన్నాది" అనేవాడు.

గట్టు తెగిన చోట మోతగాళ్లు ఆగి ఒక్కొక్కరే దిగి ఎక్కారు. కుదుపుకి లోపల ఎక్కడో వేడిగా చెమ్మ పారినట్టయింది. ఈశ్వర్ పళ్లు బిగించాడు, రెండో చేతిని కూడా పిడికిలి మీద వేసి ఒత్తాడు, ఆగమని తల ఊపాడు. అందరూ ఆగారు. గాలి ఆగింది. కొంగలు కూడా లేవు ఇవాళ మళ్లలో. ఈ గాయానికి పైన తొడ చుట్టూ ఒక గుడ్డ కట్టి, అందులో మట్ట ముక్క దూర్చి మెలి తిప్పాడు వాడు. దాన్ని ఒకసారి బిగించడం, ఒకసారి సడలించడం, చూడటం, మళ్లీ బిగించడం. కాలు రాయిలా ఉంది. పాదం ఉందో లేదో తెలియడం లేదు.

"కాలు ఉంటాదేటిరా?"

"తెల్దు అయ్యా."

"నిజం సెప్పు."

"అబద్దం సెప్పీవోడినైతే ఉంటాదనే సెప్పుదును కద. కట్టు బిగించి వదిలేస్తే కాలు పోతాది. సడలించేస్తే నువ్వు పోతావు. రెండింటికీ మద్దెన పట్టుకున్నాను. పట్టుకోనీ."

కూర్మయ్యకి కోపం రాలేదు. కాలు లేని మనిషి తెప్పని నీళ్లలోకి ఎలా తోస్తాడు? అల విరిగే చోట, నడుంలోతులో, రెండు అలల మధ్య దొరికే ఆ కాస్త సందులో ఒక్క గెంతు గెంతి ఎక్కాలి. ఆ గెంతు ఈ కుడికాలితోనే. తండ్రి నేర్పింది అదొక్కటే తనకి, ఆ గెంతు. అది పోతే ఒడ్డున కూర్చుని వలలు కుట్టుకోవాలి, ఎవరి తెప్ప ఎప్పుడొచ్చిందో చెప్పుకుంటూ. సరే, కుడతాడు. కానీ ఆ "తెల్దు" అన్న మాట... ఎంతమంది చెబుతారు ఆ మాట? తను తుఫాన్లో దాలయ్యతో, ఈ కుర్రాళ్లతో ఎన్నిసార్లన్నాడు, ఏం కాదురా ఏం కాదురా అని, లోపల తనకే గుండె జారుతుంటే. వీడు కన్నతండ్రి కళ్లలోకి చూస్తూ తెలియదన్నాడు, చెయ్యి మాత్రం తియ్యలేదు. తెలియకపోయినా తియ్యకపోవడం, అదీ వీడి పని.

మళ్లీ నడక. ఉప్పు మీద పడ్డ ఎండ కళ్లలో పొడుస్తోంది. రెప్పలు వాలితే హాయిగా ఉంది, రెప్పల కింద నీలం, నీలం కింద ఇంకో నీలం. అందులో ఒక తెప్ప తిరగబడి ఉంది. తనది కాదు. ఇదెక్కడ చూశాడు? చూడలేదు, విన్నాడు. ఈశ్వర్ ఒకసారి సెలవుకొచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. పొద్దస్తమానం తండ్రి వెనకాలే తిరిగాడు. ఎర్రగా ఉబ్బినట్టుండే జాకెట్టొకటి కొని తెచ్చాడు, వేటకి పోయేటప్పుడు ఇది తొడుక్కోవాలన్నాడు. తను నవ్వి దాన్ని తలగడ చేసుకున్నాడు. అప్పుడు చెప్పాడు, రెండే ముక్కలు: వాళ్ల ఓడకి సముద్రం మధ్యలో తిరగబడ్డ తెప్ప ఒకటి కనపడిందట, పట్టుకుని వేలాడుతున్నవాళ్లని పైకి తీశారట, గోపాలపూర్ వైపు ఒడియావాళ్లు. అందులో ఒక ముసలాయన దక్కలేదట. "నీ అంతుంటాడు అయ్యా" అన్నాడు, అంతే. లేచి ఒడ్డుకేసి పోయాడు. తనూ అంతటితో వదిలేశాడు. సముద్రం మీద మనుషులు పోతారు, అది కొత్త సంగతా? ఇప్పుడు, ఈ పిడికిలి కింద పడుకున్నాక, అది కొత్త సంగతిలాగే ఉంది.

"ఒరే ఈసు."

"ఊఁ, సెప్పు."

"ఆ గోపాలపూరు ముసిలాయన. ఆయన్ని కూడా ఇలాగే పట్టుకున్నావేటి?"

ఈశ్వర్ పిడికిలి మీద బరువు సర్దుకున్నాడు. "ఆయనకి రకతం కాదు, ఊపిరి. గుండెల్నిండా నీల్లు పట్టేసినాయి. రేతిరంతా కూకోబెట్టి ఈపుకి నా గుండె ఆనించి పట్టుకున్నాను, పడుకోబెడితే ఊపిరాడదని. ఒడియాలో మాటాడినాను, నువ్వు నేర్పిన ఒడియా. సేపల బేరం మాటలే వచ్చు నాకు. అయ్యే మాటాడినాను."

"ఆయనేటన్నాడు?"

"నువ్వెవరి కొడుకువిరా అని అడిగినాడు. కూర్మయ్య కొడుకునని సెప్పినాను. తలాడించినాడు, ఎరిగున్నోడిలాగ."

కూర్మయ్య ఆ ముసలాయన మొహం వెతికాడు. గోపాలపూర్ ఒడ్డున తను చేపలు దింపేచోట ఎంతమంది, ఎన్నేళ్లు. చుట్ట అంటించుకోవడానికి నిప్పిచ్చినవాడు, తాడు చివర అందుకున్నవాడు, వాన కురుస్తుంటే తన పాకలోకి రమ్మన్నవాడు. వాళ్లలో ఎవడైనా కావచ్చు. నిజంగా ఎరిగినవాడే కావచ్చు. కాకపోయినా, ఏ ఊరివాడో తెలియని ఒక మనిషి నడిసముద్రంలో తన పేరు విని, సరే కూర్మయ్య కొడుకు చేతిలోనే ఉన్నానని తల ఊపి పోయాడు. తను ఇక్కడ ఎర్ర జాకెట్టు మీద తల పెట్టుకుని గురకపెడుతున్నాడు అప్పుడు. తన పేరు అంతదూరం పోయింది. ఈ వంశంలో ఎవరి పేరూ అంతదూరం పోలేదు, అలాంటి పని మీద అసలే పోలేదు.

"గెడ్డ" అన్నాడు దాలయ్య ముందునుంచి. ఆ గొంతులో భయం. వల ఆగింది.

మామూలప్పుడు పిల్లలు లాగులు తడవకుండా దాటే గెడ్డ. ఇప్పుడు తుఫాను నీళ్లతో ఒడ్లు రెండూ కలిపేసి ఎర్రగా పోతోంది, కొబ్బరికాయలు, తడకలు మోసుకుంటూ. దాటే తూము ఉన్నచోట సుడి. అవతల రోడ్డు మీద పోతురాజు తువ్వాలు ఊపుతున్నాడు, వాడి వెనక తెల్లగా అంబులెన్సు. కనపడుతోంది. చెయ్యి చాపితే అందేటట్టుంది.

"ఎక్కడ దిగినా కొట్టుకుపోతాం అల్లుడా. అలాగ సుట్టు తిరిగి..." అన్నాడు దాలయ్య.

"సుట్టు తిరిగే టయిం నేదు మావా." ఈశ్వర్ నీటిని చూశాడు, తర్వాత వంగి తండ్రి మొహంలోకి చూశాడు. "అయ్యా. నాకు తెల్దు. నువ్వు సెప్పు, ఎక్కడ దాటాల?"

వాడు నిజంగా తెలియక అడిగాడో, తనని మెలకువగా ఉంచడానికి అడిగాడో కూర్మయ్య ఆలోచించలేదు. ఒక సరంగుని అడగాల్సిన ప్రశ్న అది. "తల ఎత్తండి" అన్నాడు. తవిటమ్మ చేతులు మెడ కింద దూర్చి ఎత్తింది. లోకం చీకట్లు కమ్మి, మళ్లీ విడింది. నీళ్లు. ఎన్ని రంగుల నీళ్లైనా నీళ్లే, చదవడానికి వస్తాయి. దగ్గర్లో నున్నగా, నూనె పోసినట్టు పోతున్నచోట చూసి కాదనుకున్నాడు. దిగువన, పడిపోయిన తుమ్మచెట్టుకి అవతల, నీటి మీద చిన్నచిన్న ముడతలు, ముసలమ్మ చేతి మీద ఉన్నట్టు, ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి ఏటవాలుగా పోతున్నాయి.

"నున్నగున్న దగ్గర దిగకండి, లోతు. అదిగో, ముడతలు పడతన్నాది సూడండి, అడుగున ఇసక మేటేసింది. దాని మీదే పోండి. అడ్డంగ కాదు, నీటితోటి కలిసి, ఏటవాలుగ. కాలు ఎత్తొద్దు, ఈడుస్తా పోండి. దాలిగా, నువ్వు ముందు."

"అలాగే బావా" అన్నాడు దాలయ్య.

నీళ్లు వాళ్ల మోకాళ్లకొచ్చాయి, తొడలకొచ్చాయి, నడుముకొచ్చాయి. "ఇపుడెత్తండి, నెత్తి మీదికి" అన్నాడు ఈశ్వర్. నలుగురూ గడకర్రలు పైకెత్తారు. వాడి చెయ్యి మాత్రం గాయాన్ని వదల్లేదు. మునివేళ్ల మీద లేచి, రొమ్ము లోతు నీళ్లలో చెయ్యి నిట్టనిలువుగా పైకి చాపి, మొహం పైకెత్తి నడుస్తున్నాడు. నోట్లోకి బురదనీళ్లు పోతుంటే ఉమ్ముతున్నాడు. పక్కనుంచి ఒక తడక కొట్టుకొచ్చి వాడి భుజానికి గుద్దుకుంది, తిరిగింది, పోయింది. వాడు తూలలేదు. వల కళ్లలోంచి కూర్మయ్యకి కిందనున్న కొడుకు మొహం ముక్కలుముక్కలుగా కనపడింది, కన్ను, పెదవి, మెడ నరం. వీణ్ని కన్నది నేనేనా అనుకున్నాడు. పుట్టినప్పుడు వీడు ఏడవలేదు, మంత్రసాని కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఆడించింది. ఆ తర్వాత మరి తనకి వీడి గురించి తెలిసిందేమిటి? అన్నం తింటాడో లేదో, సెలవెప్పుడో, పెళ్లెప్పుడు చేసుకుంటాడో. వీడు ఏమిటో ఇవాళ చూస్తున్నాడు. చూడటానికి ఇంత రక్తం ఖర్చయితే అయిందిలే.

కాళ్లకింద గట్టినేల తగిలిన చప్పుడు. పోతురాజు చేతులు. తెల్లటి తలుపులు. నీలం చొక్కా కుర్రాడెవరో గాయం మీదకి చెయ్యి తెచ్చాడు, ఈశ్వర్ వాడితో ఏదో చెప్పాడు, పొడిపొడిగా, వాళ్ల భాషలో. అందులో పేషెంటు అన్న మాటొక్కటే తెలిసింది. తర్వాత మామూలు మాటల్లో చెప్పాడు. "నా సెయ్యి తీస్తే మళ్లీ మొదలవుతాది. నాను ఇలాగే ఎక్కుతాను, నువ్వు సెలైన్ పెట్టు." ఆ కుర్రాడు తల ఊపి, చకచకా తన పని తను చేశాడు. సూది గుచ్చుకుంది, చల్లగా ఏదో భుజంలోకి పాకింది. తవిటమ్మ మూలన ముడుచుకు కూర్చుంది. బండి కదిలింది. హైవే మీద రంపాల చప్పుడు, చెట్లు కోసి దారి తీస్తున్నారు. బండి ఆగుతోంది, పోతోంది, అలల మీద పోతున్నట్టే ఉంది. ఓడ గదిలో మంచానికి కమ్మీలుంటాయి, దొర్లిపోడు, భయం లేదు. "అయ్యా" అంటున్నాడు ఎవరో. "ఉన్నాన్రా" అన్నాడు. అన్నాననుకున్నాడు.

చీకటి కాదు, తెలుపు. మందుల వాసన. ఎక్కడో బల్ల ఈడ్చిన చప్పుడు. కిటికీలోంచి పొద్దుటి ఎండ అడ్డంగా వచ్చి దుప్పటి మీద పడుతోంది. గొంతు ఇసకలా ఉంది. శ్రీకాకుళం పెద్దాసుపత్రి అని ఎవరో ఎవరికో చెబుతున్నారు. దుప్పటి కింద ఏముందో చూడాలి, చూడటానికి ధైర్యం చాల్లేదు. నొప్పి మాత్రం ఉంది, తొడ పొడుగునా, కాలుతున్న చువ్వలాగా. కాలు లేకపోయినా నొప్పి ఉంటుందని ఎవరో అనగా విన్నాడు. ముందు కళ్లు మాత్రం తిప్పాడు.

మంచం చివర ఈశ్వర్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఎవరిదో వదులు చొక్కా తొడుక్కున్నాడు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది, వేళ్లు ఇంకా పూర్తిగా విప్పుకోలేదు, వాచి ఉన్నాయి. ఎడమచేతి రెండు వేళ్లు దుప్పటి అంచు పైకి జరిపి, పాదం మీద ఆనించి ఉన్నాయి. తన పాదం మీద. ఉంది. ఉప్పుకి పగిలి, ఎండకి నల్లబడ్డ తన సొంత పాదం అక్కడుంది. ఈశ్వర్ కళ్లు మూసుకుని ఉన్నాడు, చాలా దూరంనుంచి వచ్చే ఇంజను చప్పుడు వింటున్నవాడిలాగా.

తవిటమ్మ వాడి పక్కన నిలబడి ఉంది. "ఏటి సూస్తన్నావురా అలాగ? తెల్లారినకాడ్నించీ దాని మీదే సెయ్యేసుకు కూకున్నావు."

"నాడి కొట్టుకుంటన్నాదమ్మా. కుట్టిన నరం పనిసేస్తన్నాది. ఇంద, సెయ్యి ఇలాగియ్యి."

వాడు తల్లి వేలు పట్టుకుని పాదం మీద, ఎముక పక్కన, ఒక చోట ఉంచాడు. ఆమె ఊపిరి బిగబట్టింది. "నాకేటీ తెలట్నేదురా."

"ఒత్తకు. ఊరికే ఆనించు. ఆగు."

ఆమె ఆగింది. కూర్మయ్య మెలకువగా ఉన్నాడని ఇద్దరూ చూడలేదు. చేపలు కోసి కోసి గరుకుదేరిన ఆ వేలు మొదట బెరుకుగా, తర్వాత కుదురుగా నిలిచింది. ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి, మెల్లగా విడిపోయాయి, నోరు కొంచెం తెరుచుకుంది. పిలుద్దామనుకున్నాడు కూర్మయ్య, నీళ్లడుగుదామనుకున్నాడు. అడిగితే ఆమె వేలు తీసేస్తుందేమోనని కదలకుండా పడుకున్నాడు.